ఊక ఎంత పట్టుకుంటుంది, పట్టుకున్నది ఎక్కడికి పోతుంది

(ఒడిశాలోని బరంపురంలో పట్టు అద్దకం చేసేవారు, లోహపు పూత వేసే ప్లేటింగ్ షాపులవారు, రైస్ మిల్లర్లు, విద్యార్థులు కూర్చున్న సభలో తెలుగులో చేసిన ప్రసంగ పాఠం. చివర అడిగిన ప్రశ్నలు కూడా చేర్చాం.)

అందరికీ నమస్కారం.

చివర చెప్పాల్సిన సంగతి ముందే చెప్పేస్తాను. ఈ బల్ల మీదున్న సంచి చూడండి. ఇందులో 5 కిలోల ఊక ఉంది. మిల్లు నుంచి తెచ్చినప్పుడు ఎండుగడ్డి రంగులో ఉండేది, ఇప్పుడు వంకాయ రంగుకి తిరిగింది. గింజ కడుపు వైపు, అంటే ఊక లోపలి వైపు, రంగు ముదురుగా పట్టింది. వీపు వైపు నున్నగా ఉంటుంది కాబట్టి అక్కడ పలచగా ఉంది. దీని గుండా అద్దకం నీళ్ళు పోయాయి, తేటగా బయటికొచ్చాయి. నీళ్ళు తేటపడ్డాయి గదా అని మనం సంతోషిస్తాం. కానీ రంగు ఎక్కడికీ పోలేదు, ఈ సంచిలో కూర్చుంది. ఈ సంచిని ఎక్కడ పెడతారో తేల్చుకోకుండా ఊకతో నీళ్ళు బాగుచేద్దామని బయల్దేరితే, కాలువలో ఉన్న విషాన్ని మోసుకొచ్చి పెరట్లో పోసుకున్నట్టే. అందుకే ఈ సంచి నా మాట అయ్యేదాకా మీ కళ్ళ ముందే ఉంటుంది.

ఇక ఊక పని ఎలా చేస్తుందో చూద్దాం. 100 కిలోల వడ్లు ఆడిస్తే 20 కిలోలకి అటూ ఇటూగా ఊక వస్తుంది. ఆ ఊకని కాలిస్తే దాదాపు ఐదో వంతు బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా. కాలిపోయిన మిగతా భాగమంతా సెల్యులోజు, హెమిసెల్యులోజు, లిగ్నిన్. మనకి పనికొచ్చేది ముఖ్యంగా ఆ భాగమే. వాటి ఒంటి నిండా కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ అనే కొక్కేలుంటాయి. ఈ కొక్కేల స్వభావం నీటి పీహెచ్‌ని, అంటే పులుపు ఎంతుందో చెప్పే అంకెని, బట్టి మారిపోతుంది. ఆ అంకె 7 కంటే ఎంత తగ్గితే అంత పులుపు. నీళ్ళలో పులుపు తగ్గేకొద్దీ అవి తమ హైడ్రోజన్‌ని వదిలేసి రుణావేశం తెచ్చుకుంటాయి. అప్పుడు ధనావేశమున్న రాగి, సీసం, జింకు, కాడ్మియం వచ్చి తగులుకుంటాయి. నీళ్ళు బాగా పుల్లగా ఉంటే హైడ్రోజన్ వచ్చి కొక్కేల్ని కప్పేస్తుంది, ఊక పైభాగం ధనావేశం వైపు తిరుగుతుంది. అప్పుడు రుణావేశమున్నవి, అంటే ఆమ్ల రంగులు, క్రోమేటు లాంటివి, దగ్గరికి వస్తాయి.

ఈ ఒక్క మాట తెలియక ఎన్నో ప్రయోగాలు వృథా అవుతున్నాయి. కాలేజీ ల్యాబుల్లో ఊకని పరీక్షించాలంటే అందరూ మిథిలిన్ బ్లూ తీసుకుంటారు. అది ధనావేశమున్న రంగు, మామూలు నీళ్ళలోనే ఊక దాన్ని గబగబా లాగేస్తుంది, సీసా తెల్లబడిపోతుంది. ఆ సీసా చూసి అద్దకం షాపు నీళ్ళకి కూడా ఇదే ఊక సరిపోతుందనుకుంటారు. పట్టుకి వేసేవి ఎక్కువగా ఆమ్ల రంగులు, లోహం కలిసిన కాంప్లెక్స్ రంగులు. అవి రుణావేశమున్నవి. పీహెచ్ 7 దగ్గర ఊక వాటిని పట్టించుకోదు. అదే నీళ్ళని పీహెచ్ 3కి దింపితే పట్టుకుంటుంది. మీ అద్దకం తొట్టెలో అసిటిక్ యాసిడ్ ఎలాగూ ఉంటుంది, పీహెచ్ 4, 5 మధ్య ఉంటుంది. కొద్దిపాటి సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో 3కి దించడం పెద్ద ఖర్చు కాదు. ఊక దాటి వచ్చిన నీళ్ళకి సున్నం వేసి 7కి తేవాలి. ఈ రెండో పని మరిచిపోతే రంగులేని యాసిడ్‌ని కాలువలోకి వదిలినట్టు. బయటికి వదిలే నీటి పీహెచ్ 5.5కీ 9కీ మధ్య ఉండాలన్నది మన దేశంలో సాధారణ ప్రమాణం.

అసలు ఊక దాకా రాకముందే చేయాల్సింది ఒకటుంది. రంగు తొట్టెలో చివర్లో అసిటిక్ యాసిడ్ రెండు విడతలుగా వేసి, 85 నుంచి 90 డిగ్రీల దగ్గర ఇంకో అరగంట ఉంచితే రంగు చాలావరకు పట్టుకే ఎక్కుతుంది. కాలువలోకి పోయే ప్రతి గ్రాము రంగూ మీరు డబ్బు పెట్టి కొన్నదే. ప్లేటింగ్ వాళ్ళకీ ఇదే వర్తిస్తుంది: సామాను తొట్టెలోంచి తీసి, తొట్టె పైనే 30 సెకన్లు వేలాడదీసి, కారనిచ్చి, ఆ తర్వాతే కడుగుడు తొట్టెలో ముంచండి. ఆ 30 సెకన్లు ఆదా చేసే లోహాన్ని ఏ ఊకా ఆదా చేయలేదు.

ఇంకొక తప్పు ఇక్కడ పట్టు షాపుల్లో తరచుగా జరుగుతుంది. పట్టుకి జిగురు తీయడానికి సబ్బు, సోడా వేసి ఉడకబెడతారు. పచ్చి పట్టు బరువులో 20 నుంచి 25 శాతం సెరిసిన్, అంటే ఆ జిగురే. అదంతా నీళ్ళలోకి వస్తుంది. ఆ నీళ్ళని రంగునీళ్ళతో కలిపి ఒకే గుంటలోకి వదిలి, ఆ కలగలుపుని ఊక మీద పోస్తారు. రెండు రోజుల్లో ఊక మీద పాలమీగడ లాంటి పొర కట్టి, నీళ్ళు దిగడం ఆగిపోతుంది. ఊక పాడైందని అందరూ ఊకని తిడతారు. నిజానికి జిగురు నీళ్ళని విడిగా పట్టి, పీహెచ్ 4 దాకా పులుపు చేస్తే, సబ్బు విరిగి కొవ్వు తెట్టులా పైకి తేలుతుంది, సెరిసిన్ చాలావరకు విరిగిన పాలలా ముద్దలు కట్టి అడుక్కి దిగుతుంది. సెరిసిన్‌కి నీళ్ళలో కరుగుదల అన్నిటికంటే తక్కువగా ఉండేది ఆ పీహెచ్ దగ్గరే. మిగిలిన నీళ్ళకి ఊక వైద్యం చేయలేదు, సూక్ష్మజీవులతో చేసే శుద్ధే కావాలి. పాలు విరగ్గొట్టడం రోజూ ఇంట్లో చూసేదే కాబట్టి ఈ పని నేర్పడం కష్టం కాదు. కష్టమల్లా గుంటలు రెండు తవ్వించడమే.

ఇప్పుడు లెక్క. ఇది జాగ్రత్తగా వినండి, ఊక విషయంలో ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే.

పరిశోధన పత్రాల్లో ఫలానా పొట్టు గ్రాముకి 20 మిల్లీగ్రాములు పడుతుంది, 50 పడుతుంది అని రాస్తారు. ఆ సంఖ్య ఊక పూర్తిగా నిండినప్పటిది, అంటే దాని చుట్టూ నీళ్ళలో రంగు చాలా చిక్కగా ఉన్నప్పటిది. పైభాగంలో ఉన్న జాగా ఎలా నిండుతుందో లాంగ్‌మ్యూర్ 1918లో ఒక సూత్రంగా రాశాడు. దాన్ని మన పనికి వేసి చూద్దాం. ఒక ఊక పూర్తిగా నిండితే గ్రాముకి 20 మిల్లీగ్రాములు పట్టుకుంటుంది, లీటరుకి 50 మిల్లీగ్రాముల చిక్కదనం దగ్గర సగం నిండుతుంది అనుకోండి. మనకి బయటికి వెళ్ళే నీళ్ళలో రంగు 5 మిల్లీగ్రాములకి దిగాలి. ఆ 5 దగ్గర ఈ ఊక పట్టుకునేది 20 గుణించు 5, భాగించు 55. అంటే గ్రాముకి 1.8 మిల్లీగ్రాములు. ఇరవై అనుకున్నది రెండు కూడా రాలేదు. 100 ఉన్న నీళ్ళని 5కి దించాలంటే 95 మిల్లీగ్రాములు తీయాలి, లీటరుకి 52 గ్రాముల ఊక కావాలి. రోజుకి 500 లీటర్ల షాపుకి 26 కిలోలు. నెల తిరిగేసరికి ఇలాంటి సంచులు 150 పైమాటే. ఎవరి పెరట్లోనూ అంత చోటుండదు.

కానీ అదే ఊకని రెండు దఫాలుగా వాడితే లెక్క మారిపోతుంది. కొత్త నీళ్ళని ముందు నిన్నటి ఊక మీద పోయాలి. అది సగం అలిసిపోయిన ఊక, కానీ నీళ్ళు చిక్కగా ఉన్నాయి కాబట్టి ఇంకా పట్టుకుంటుంది. అక్కడ పలచబడిన నీళ్ళని కొత్త ఊక మీద పోయాలి. సాయంత్రానికి నిన్నటి ఊక బయటికి, ఇవాళ్టి ఊక రేపటి మొదటి తొట్టెకి. ఇలా ఎదురెదురుగా నడిపితే అదే పనికి లీటరుకి 13 గ్రాములు చాలు. 500 లీటర్లకి ఆరున్నర కిలోలు. ఊక మారలేదు, నీళ్ళు మారలేదు, ఊకనీ నీళ్ళనీ కలిపే వరస మారిందంతే. సంచులు నాలుగో వంతుకి వచ్చాయి.

పైపులో నింపి నడిపితే ఈ ఎదురు నడక దానంతటదే జరుగుతుంది. చాలామంది 200 లీటర్ల డ్రమ్ముతో మొదలుపెడతారు, చేతికందుతుంది గనక. డ్రమ్ము వెడల్పెక్కువ, ఎత్తు తక్కువ. నీళ్ళు అంచు వెంబడి ఒక దారి చేసుకుని జారిపోతాయి, మధ్యలో ఊక పొడిగా మిగిలిపోతుంది. 200 మిల్లీమీటర్ల పీవీసీ పైపు 2 మీటర్లది తీసుకోండి. అందులో మీటరున్నర ఊక నింపితే సుమారు 42 లీటర్ల జాగా, 5 కిలోల ఊక పడుతుంది. గంటకి 42 లీటర్లు వదిలితే, ఖాళీ పైపు లెక్కన నీటికి గంటసేపు ఊకతో పొత్తు దొరుకుతుంది. 12 గంటల్లో 500 లీటర్లు.

నీళ్ళు పైనుంచి కాక కింద నుంచి ఎక్కించండి. పైనుంచి పోస్తే ఊక మధ్యలో గాలి బుడగలు చిక్కుకుని ఆ మేరకి ఊక వృథా. కింద నుంచి ఎక్కితే గాలి ముందు వెళ్ళిపోతుంది. అయితే ఊక తేలుతుంది. పైన నైలాన్ వల, దాని మీద చిల్లులు పెట్టిన పీవీసీ పళ్ళెం బిగించకపోతే మొదటి పావుగంటలోనే ఊకంతా పైకొచ్చి బయటి గొట్టాన్ని మూసేస్తుంది. అడుగున 10 సెంటీమీటర్లు కంకర, దాని మీద వల. రెండు పైపులు వరసగా పెట్టి, మొదటిది నిండాక దాన్ని ఖాళీ చేసి కొత్త ఊక నింపి వెనక్కి పంపండి. రెండోది మొదటి స్థానంలోకి వస్తుంది.

లోహాలకి ఈ పైపు లెక్క చెబుతాను. కడుగుడు నీళ్ళలో రాగి లీటరుకి 10 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. బయటికి వదిలే ప్రమాణం లీటరుకి 3 మిల్లీగ్రాములు. ఆ చిక్కదనం దగ్గర ఊక గ్రాముకి 3 మిల్లీగ్రాములు పడుతుందని పెట్టుకుంటే, 5 కిలోలకి 15 గ్రాముల రాగి. 10 మిల్లీగ్రాముల చొప్పున 1500 లీటర్లు. రోజుకి 500 అయితే మూడు రోజులకొక పైపు, నెలకి రాగి పట్టిన ఊక 50 కిలోలు. నీళ్ళ పీహెచ్ 5, 6 మధ్య ఉంచండి. అంతకు తగ్గితే హైడ్రోజన్ కొక్కేల్ని ఆక్రమిస్తుంది. అంతకు బాగా పెరిగితే రాగి హైడ్రాక్సైడ్‌గా గడ్డకట్టి ఊక సందుల్లో బురదలా చేరుతుంది, పైపు మూసుకుపోతుంది.

ఊక తయారీకి తొందర పనికిరాదు. ముందు జల్లెడ పట్టి తవుడు, దుమ్ము, నూకలు తీసేయాలి. తవుడు మిగిలితే మూడో రోజుకి పైపులోంచి పుల్లటి వాసన మొదలవుతుంది. తర్వాత రెండు మూడు నీళ్ళు మార్చి కడగాలి. లోహాలకి వాడేదైతే కాస్టిక్ సోడాలో నానబెట్టండి: 5 కిలోల ఊకకి 50 లీటర్ల నీళ్ళు, 1 కిలో కాస్టిక్. అంటే 2 శాతం. ఒక రాత్రి చాలు. కాస్టిక్ ఊక పైనున్న సిలికా పొరని, లిగ్నిన్‌లో కొంత భాగాన్ని కరిగిస్తుంది, లోపలి కొక్కేలు బయటపడతాయి. నీళ్ళలో కాస్టిక్ వేయాలి, కాస్టిక్ మీద నీళ్ళు పోయకూడదు. చేతికి రబ్బరు తొడుగులు, కంటికి అద్దాలు తప్పనిసరి. అల్యూమినియం గంగాళం వాడొద్దు. కాస్టిక్ దాన్ని తింటుంది, హైడ్రోజన్ వాయువు పుడుతుంది. నానిన ఊకని పీహెచ్ 7, 8కి వచ్చేదాకా కడిగి, నీడపట్టున గాలికి ఆరబెట్టి, ఆఖరున ఎండలో రెండు రోజులు. ఆ నానబెట్టిన నీళ్ళు కాఫీ రంగులో ఉంటాయి. అవి కూడా వ్యర్థ జలమే, వాటినీ తటస్థం చేసి దించాలి. ఆమ్ల రంగులకి వాడే ఊకకి కాస్టిక్ వద్దు. 1 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ఒక పూట ఉంచి కడిగితే సరి.

మిగతా పొట్టుల గురించి రెండు మాటలు. మనం వ్యర్థం అంటున్నవన్నీ వ్యర్థాలు కావు. ఊకని బాయిలర్లకి కొంటారు, ఇటుక బట్టీలకి కొంటారు. ఆస్కా వైపు చెరకు పిప్పి మిల్లు బాయిలర్‌లోనే కాలుతుంది. గడ్డి పశువులకి పోతుంది. రైతు దగ్గర వ్యర్థం అనే మాట వాడేముందు ధర అడగండి. గంజాం తీరంలో నిజంగా గుట్టలుగా పడుండేది కొబ్బరి పొట్టు, పీచు తీశాక మిగిలే పొడి. అందులో లిగ్నిన్ ఎక్కువ, బాగా పట్టుకుంటుంది. కానీ అది తన బరువుకి ఆరేడు రెట్లు నీళ్ళు తాగుతుంది. టానిన్‌లు వదిలి నీళ్ళని టీ రంగుకి మార్చేస్తుంది. ఆ టీ రంగు పోయేదాకా కడగకపోతే, ఒక రంగు తీసి ఇంకో రంగు కలిపినట్టే, పైగా సీఓడీ, అంటే నీళ్ళలోని సేంద్రియ మలినం కొలత, పెరుగుతుంది. గజపతి జిల్లా వైపు, పలాస వైపు జీడిపిక్కల పెంకు దొరుకుతుంది. ఆ పెంకులో పావు వంతు పైగా నూనె, చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది. నూనె తీసిన పెంకునే బొగ్గు చేయాలి, పచ్చి పెంకు నీళ్ళలో వేయకూడదు. వేరుశనగ తొక్కలు, మొక్కజొన్న కండెలు నలగ్గొట్టి వాడుకోవచ్చు, తయారీ ఊకలాగే.

క్రోమియం గురించి మాత్రం నిదానంగా చెప్పాలి. మన రాష్ట్రంలోని సుకింద లోయలోనే దేశపు క్రోమైటు నిల్వల్లో అత్యధిక భాగం ఉంది కాబట్టి ఒడిశాలో ఈ పేరు అందరికీ తెలుసు. క్రోమియం ప్లేటింగ్ కడుగుడు నీళ్ళలో ఉండేది ఆరు వేలెన్సీ క్రోమియం, అంటే ఆరు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న రూపం, పసుపు రంగులో కనిపిస్తుంది. బయటికి వదిలే ప్రమాణం లీటరుకి 0.1 మిల్లీగ్రాము. ఊకని ఆ నీళ్ళలో పీహెచ్ 2 దగ్గర కొన్ని గంటలుంచితే పసుపు పోతుంది. క్రోమియం పరీక్షించే కిట్‌తో చూస్తే, ఊదా గులాబీ రంగు రావాల్సిన చోట ఏమీ రాదు. క్రోమియం పోయిందనుకుంటారు. పోలేదు. ఊకలోని లిగ్నిన్ లాంటివి ఎలక్ట్రాన్లు ఇచ్చి ఆరు వేలెన్సీని మూడుకి మార్చాయి. అంత పులుపులో ఊక పైభాగం ధనావేశంతో ఉంటుంది, మూడు వేలెన్సీ క్రోమియంది కూడా ధనావేశమే, అందుకని చాలావరకు నీళ్ళలోనే తిరుగుతుంటుంది. కిట్‌కి మాత్రం ఆరు వేలెన్సీ ఒక్కటే కనిపిస్తుంది. మొత్తం క్రోమియం విడిగా కొలిపించాలి, దాని ప్రమాణం 2 మిల్లీగ్రాములు. ఆ తర్వాత సున్నంతో పీహెచ్ 8, 8.5 మధ్యకి తెస్తే మూడు వేలెన్సీ క్రోమియం బూడిద కలిసిన ఆకుపచ్చ బురదగా దిగుతుంది.

నిజం చెప్పాలంటే, క్రోమియం చిక్కగా ఉన్న నీళ్ళలో ఆరు వేలెన్సీని మూడుకి మార్చడానికి ఊక కంటే సోడియం మెటాబైసల్ఫైటు అనే రసాయనమే మంచిది. పీహెచ్ 2, 3 మధ్య ఒక గ్రాము ఆరు వేలెన్సీ క్రోమియంకి లెక్క ప్రకారం సుమారు 2.75 గ్రాములు కావాలి. గాలికి కొంత పోతుంది కాబట్టి 3.5 దాకా వేస్తారు. కొన్ని నిమిషాల్లో పని అవుతుంది. గాలి ఆడే చోటే చేయండి, గంధకపు పొగ వస్తుంది. మెటాబైసల్ఫైటు, సున్నం చేసిన పని తర్వాత మిగిలే కాస్తని తీయడానికి ఊకని పెట్టుకోండి. లీటరుకి 50 మిల్లీగ్రాముల లోపు లోహమున్న పలచటి నీళ్ళు, పెద్ద పరిమాణం: ఊకకి తగిన పని అది.

ఇక్కడొక ప్రమాదం. కొన్ని రాగి, జింకు, వెండి ప్లేటింగ్ తొట్టెల్లో సయనైడ్ ఉంటుంది. ఆ నీళ్ళు పొరపాటున ఈ పులుపు నీళ్ళలో కలిస్తే హైడ్రోజన్ సయనైడ్ వాయువు వస్తుంది, మనిషి ప్రాణం తీస్తుంది. సయనైడ్ కాలువ, యాసిడ్ కాలువ ఎక్కడా కలవకూడదు. గొట్టాలకి వేరు వేరు రంగులు వేయండి. షాపులో కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి రోజు మొదటి మాటగా ఇదే చెప్పండి.

ఇప్పుడు మళ్ళీ ఈ సంచి దగ్గరికి వద్దాం. దీన్ని ఏం చేయకూడదో ముందు చెబుతాను. పశువుల కింద పరచకూడదు. కంపోస్టులో వేయకూడదు, వేస్తే లోహం కూరగాయల మడిలోకి పోతుంది. హోటల్ పొయ్యికి అమ్మకూడదు. ముఖ్యంగా క్రోమియం పట్టిన ఊకని కాల్చకూడదు. ఊక బూడిదలో పొటాషియం, కాల్షియం లాంటి క్షారాలుంటాయి. గాలి బాగా తగిలే మంటలో ఆ క్షారాల సాయంతో మూడు వేలెన్సీ క్రోమియం తిరిగి ఆరు వేలెన్సీ అవుతుంది. ఇంత కష్టపడి మార్చిన దాన్ని మంట వెనక్కి తిప్పేస్తుంది, పైగా నీళ్ళలో కరిగే రూపంలో. ఆ బూడిద మీద ఒక వాన కురిస్తే పసుపు నీళ్ళు బావి దాకా పోతాయి.

లోహం పట్టిన ఊకని ప్రమాదకర వ్యర్థంగానే చూడాలి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం 90 రోజులకి మించి దగ్గర ఉంచుకోకూడదు. పైకప్పున్న చోట టార్పాలిన్ మీద ఆరబెట్టి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి, మూతున్న డ్రమ్ములో, సిమెంటు నేల మీద పెట్టండి. తడి పోతే బరువు తగ్గుతుంది, రవాణా ఖర్చు బరువు మీదే ఉంటుంది. సంచి మీద ఏ లోహం, ఏ తేదీ రాయండి. ఒడిశాలో ఇలాంటివాటిని తీసుకుని భద్రంగా పూడ్చే ఉమ్మడి కేంద్రం జాజ్‌పూర్ జిల్లాలో సుకింద వైపు ఉంది. ఒక్కొక్కరు 50 కిలోలు అంత దూరం పంపలేరు. పది షాపులు కలిసి ఒకే లారీ మాట్లాడుకుంటే కుదురుతుంది. లోహం లేని రంగు పట్టిన ఊకని సిమెంటు బట్టీల్లో కాల్చే పద్ధతి ఉంది, దానికీ కాలుష్య నియంత్రణ బోర్డు అనుమతి కావాలి. 1974 నాటి జల చట్టం కింద నీళ్ళు వదలడానికి ఎలాగూ సమ్మతి తీసుకోవాలి. ఆ దరఖాస్తులోనే ఈ ఊక సంగతి రాసేయండి. దాచిపెట్టి తర్వాత దొరికిపోవడం కంటే ముందే చెప్పుకోవడం మేలు.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: మా మిల్లు బాయిలర్ బూడిద ఊరికే పడి ఉంది. అది వేస్తే రాగి పూర్తిగా పోయిందండి. ఊక కంటే అదే మంచిది కదా?

బూడిద వేశాక నీళ్ళ పీహెచ్ చూశారా? బాయిలర్ బూడిద క్షారం, పీహెచ్ 9 దాటించేస్తుంది. అక్కడ రాగి హైడ్రాక్సైడ్ అయి దానంతటదే దిగిపోతుంది, బూడిద పట్టుకున్నది తక్కువే. సున్నం వేసినా అదే జరిగేది. అది తప్పు పనేమీ కాదు, కానీ ఆ బురద మీద పుల్లటి నీళ్ళు పడితే రాగి మళ్ళీ కరిగి వస్తుంది. తేల్చుకోవడానికి రెండు సీసాలు పెట్టండి. ఒకదానిలో బూడిద వేయండి. రెండోదానిలో బూడిద లేకుండా కాస్టిక్ చుక్కలతో అదే పీహెచ్‌కి తెండి. రెండింటిలో రాగి ఒకేలా పోతే గొప్ప పీహెచ్‌ది. ఇంకో సంగతి, మీ బూడిద నల్లగా ఉందా, తెల్లగా ఉందా? నల్లటి దానిలో బొగ్గు మిగిలి ఉంటుంది, రంగులకి పనికొస్తుంది. బాగా వేడి మీద కాలి తెల్లబడిన దానిలో సిలికా స్ఫటికంగా మారి ఉండొచ్చు. ఆ దుమ్ము పీల్చితే ఊపిరితిత్తులకి హాని. తడిపి తీయండి, ముక్కుకి మాస్కు కట్టుకోండి.

ప్రశ్న: ఉప్పుడు బియ్యం నానబెట్టిన నీళ్ళకి ఊక పనికొస్తుందా?

పనికిరాదు. ఆ నీళ్ళలో ఉండేది పిండి, చక్కెరలు. ఊక వాటిని పట్టదు. వాటిని తినేవి సూక్ష్మజీవులు. గాలి లేని తొట్టెలో గ్యాసుగా మార్చుకుంటే మీకే వంటకి పనికొస్తుంది. ఊకని అక్కడ బాయిలర్‌లోనే కాల్చుకోండి.

ప్రశ్న: మా అద్దకం నీళ్ళకి ఎంత ఊక వేయాలో ఎలా తెలుస్తుంది? మీరు చెప్పిన 13 గ్రాములు వేసేయొచ్చా?

వద్దు. అది లెక్క చూపించడానికి తీసుకున్న ఊక. మీ ఊక, మీ నీళ్ళు వేరు. మీ తొట్టెలో గ్లాబర్స్ సాల్ట్, అంటే సోడియం సల్ఫేటు, ఉంటే అందులోని సల్ఫేటు కూడా అవే కొక్కేల కోసం పోటీకొస్తుంది. లీటరు నీళ్ళ సీసాలు ఎనిమిది తీసుకోండి. చల్లారిన మీ రంగునీళ్ళు, పీహెచ్ 3కి దించినవి, ఏడింటిలో నింపండి. వాటిలో 0, 1, 2, 5, 10, 20, 50 గ్రాముల ఊక వేయండి. ఎనిమిదో దాంట్లో మంచినీళ్ళు, 20 గ్రాముల ఊక. నాలుగు గంటలు, అరగంటకోసారి కుదపండి. వడపోత కాగితం వద్దు, అది కూడా రంగు పీల్చి మిమ్మల్ని మోసం చేస్తుంది. ఊక అడుగున ఉండేలా పైకి తేరిన నీళ్ళని తెల్ల పింగాణీ పళ్ళెంలో పక్కపక్కన పోసి వెలుతురులో చూడండి. సున్నా గ్రాముల సీసాలో కూడా రంగు మారితే ఆ మార్పు పీహెచ్‌ది. మంచినీళ్ళ సీసా గోధుమ రంగుకి తిరిగితే ఊక సరిగా కడగలేదు. ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి, రంగు కంపెనీ మార్చినప్పుడల్లా ఒకసారి చేయండి.

ప్రశ్న: పండగకి నాలుగు రోజులు షాపు మూస్తాం. పైపు అలాగే వదిలేయొచ్చా?

వదలొద్దు. నీళ్ళు నిలిచి గాలి ఆడకపోతే రెండు మూడు రోజుల్లో కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. సల్ఫేటుని సూక్ష్మజీవులు హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. లోహాల పైపుల్లో, పీహెచ్ 5 పైన నడిచేవాటిలో, ఇది ఎక్కువ. మూసే రోజు సాయంత్రం కింది కుళాయి తిప్పి నీళ్ళన్నీ తొట్టెలోకి దించేయండి, పై మూత వదులు చేసి గాలి ఆడనివ్వండి. తిరిగొచ్చాక మొదటి 50 లీటర్లు బయటికి వదలకుండా మళ్ళీ మొదటి తొట్టెలోకే పోయండి.

ప్రశ్న: పైపు నిండిందని ఎలా కనిపెట్టాలి? బయటికి రంగు వచ్చాకనా?

అప్పటికి ఆలస్యమైనట్టే. పైపు కట్టేటప్పుడే కింద నుంచి అర మీటరుకి ఒకటి, మీటరుకి ఒకటి చిన్న కుళాయిలు పెట్టించండి. రంగు ఊకలో కింద నుంచి పైకి మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. రోజూ పొద్దున్నే రెండు కుళాయిల నుంచీ అర గ్లాసు పట్టి తెల్ల పళ్ళెంలో చూడండి, లోహమైతే కిట్‌తో చూడండి. మీటరు దగ్గరి కుళాయిలో రంగు కనిపించిన రోజే పైపు మార్చే తేదీ రాసుకోండి. పైపు మీదే మార్కర్‌తో రాయండి: నింపిన తేదీ, ఇప్పటిదాకా పోయిన లీటర్లు. రెండు మూడు పైపులు మార్చేసరికి మీ నీళ్ళకి ఎన్ని లీటర్ల దగ్గర మారుతుందో మీకే అందుతుంది. ఊక కడిగి, నానబెట్టి, ఎండబెట్టడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది, వాన రోజుల్లో వారం. అందుకని కొత్త ఊక ఒక పైపుకి సరిపడా ఎప్పుడూ ఎండి, మూతికట్టి, అటక మీద సిద్ధంగా ఉండాలి. ఖాళీ సంచి ఒకటి దాని పక్కనే పెట్టుకోండి, దిగే ఊక కోసం.